ఆ రెండు ఎలుకలు, మేనమామ డబ్బా

అనంతపురం నుంచి వచ్చిన ఈ ఉత్తరం ఏడు పేజీలుంది. తన పేరు, విశ్వవిద్యాలయం పేరు వేయొద్దని రాసిందామె. వేయడం లేదు. కుదించి చెప్తాను.

వయసు ఇరవై ఎనిమిది. బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ, ఐదో ఏడు నడుస్తోంది. కొవ్వు ఎక్కువున్న మేత పెట్టి ఎలుకల్ని లావు చేయడం, వాటిలో కొన్నింటికి క్రోమియం పికోలినేట్ (మాత్రల్లో, పొడుల్లో వాడే క్రోమియం రూపం), కొన్నింటికి జింక్ ఇవ్వడం, పదహారు వారాల తర్వాత బరువు, రక్తంలో చక్కెర, కాలేయంలో కొవ్వు తయారీకి పనికొచ్చే ఎంజైముల చురుకుదనం కొలవడం ఆమె పని. గుంపుకు ఆరు ఎలుకలు. క్రోమియం ఇచ్చిన గుంపు సగటు బరువు 412 గ్రాములు, ఇవ్వని గుంపుది 418. తేడా ఉందనడానికి లేదు. గైడు ఆ కాగితం చూసి, "ఆ మూడో నంబరు, ఐదో నంబరు తీసేసి మళ్ళీ లెక్క వెయ్యమ్మా, వస్తుంది" అన్నారట. ఆ రెండూ క్రోమియం గుంపులో అన్నిటికంటే లావు ఎలుకలు.

ఇంకో పక్క మేనమామ. తాడిపత్రిలో ఆయనకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది, మూతపడింది. ఈమె ఇంటర్‌లో ఉండగా నాన్న పోతే డిగ్రీ, ఎమ్మెస్సీ ఫీజులు, హాస్టలు బిల్లులు అన్నీ ఆయనే కట్టాడు. ఇప్పుడు బరువు తగ్గించే పొడి అమ్ముతున్నాడు. మన కింద నలుగురిని చేర్పిస్తే మనకు కమీషన్ వచ్చే రకం వ్యాపారం. డబ్బా మీద క్రోమియం, జింక్, సహజ మూలికలు అని రాసుంటుంది. పోయిన నెల ఆయన కరపత్రాలు వేయించాడు. అందులో ఈమె ఫోటో, పేరు, "ఊబకాయంపై పరిశోధకురాలు" అన్న హోదా, కింద "శాస్త్రీయంగా నిరూపితం" అన్న ముక్క. ముందు ఒక్క మాట అడగలేదు. ఇదేంది మామా అంటే, "మనింటి పిల్ల పేరు వేసుకుంటే తప్పేంది?" అన్నాడు. అంతటితో ఆగలేదు. "నువ్వూ రెండు నెలలు తాగు పాపా, ముందు ఫోటో, తర్వాత ఫోటో పక్కపక్కన వేద్దాం" అన్నాడు. ఆమె బరువు 79 కిలోలు. పెండ్లిచూపులకు వచ్చినవాళ్ళు "లావు మీద చదువుతూ నువ్వే ఇట్లున్నావే" అని నవ్విపోయిన సంగతి కూడా రాసింది.

అమ్మ మాత్రం ఒకటే మాట: "మామ లేకుంటే నువ్వు ఈడుండేదానివా?"

దీనికి తోడు ఇంకో దిగులు. జింక్ ఇవ్వని ఎలుకల కాలేయంలో కూడా జింక్ ఎక్కువే వచ్చింది. వెతికితే పాత బోనుల మూతలు జీఐ మెష్‌వని, అంటే జింక్ పూత ఉన్న ఇనుప జాలీవని తేలింది. "జింక్ లెక్కే తప్పయితే క్రోమియం లెక్క మాత్రం నిజమని ఎట్లా నమ్మాలి? నా పనే తప్పేమో. ఏ ముఖం పెట్టుకుని మామకు వద్దని చెప్పాలి?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు చెప్పిన వరుసలో చదివాను. గైడు, మామ, బరువు, బోనులు. రెండోసారి ఆరో పేజీ దగ్గర ఆగిపోయాను. అక్కడ నువ్వు బ్రాకెట్లో రాసిన నాలుగు లైన్లున్నాయి. మామ మాట మీద అమ్మ కూడా నెల నుంచి పొడి తాగుతోందని, మూడు కిలోలు తగ్గిందని, ఆకలి చచ్చిపోయిందని, రాత్రి రెండయినా నిద్ర పట్టదని, నోరెండిపోతుందని మంచం పక్కన నీళ్ళ చెంబు పెట్టుకుంటోందని, మేడ మెట్లెక్కితే గుండె దడదడలాడుతోందని. ఆరేళ్ళుగా వేసుకుంటున్న షుగర్ మాత్రలు "ఇంక అక్కర్లేదంట" అని మూడు వారాలుగా మానేసిందని.

ఇంత పెద్ద సంగతి బ్రాకెట్లో పెడతారా తల్లీ?

నువ్వు అడిగినవాటికి తర్వాత వస్తాను. ముందు దీన్ని చూద్దాం. నీ చేతిలో ఉన్న చదువంతా ఇక్కడే కావాలి.

క్రోమియం ఆకలి చంపదు. నిద్ర చెడగొట్టదు. డబ్బా మీద 200 మైక్రోగ్రాములని ఉందన్నావు. అందులో పేగు దాటి రక్తంలోకి పోయేది నూటికి రెండో మూడో పాళ్ళు, అదీ దాటదు. నీ ఎలుకలకు శరీర బరువుతో పోల్చి చూస్తే దీనికి ఎన్నో రెట్లు ఇచ్చావు. ఒక్క ఎలుకైనా మేత మానిందా? లేదు. మరి మీ అమ్మకు ఆకలి ఎక్కడికి పోయింది?

రెండు దారులు కనిపిస్తున్నాయి. మాత్రలు మానడం వల్ల షుగర్ పెరిగి ఉండొచ్చు. పెరిగితే దాహమేస్తుంది, నోరెండుతుంది, మనిషి తగ్గిపోతుంది కూడా. మూడు కిలోలు తగ్గిందని మీ మామ సమావేశాల్లో మీ అమ్మ పేరు చెప్పుకుంటున్నాడని రాశావు. ఆ తగ్గుదల జబ్బు ముదరడమే అయ్యుండొచ్చు. అయితే షుగర్ ఒక్కటే అయితే ఆకలి సాధారణంగా పెరగాలి గాని చావకూడదు. ఆకలి చావడం, నిద్ర లేకపోవడం, గుండె దడ, నోరెండడం, ఈ నాలుగూ జట్టుగా వస్తే నాకు తట్టే పేరు సిబుట్రమిన్. ఒకప్పుడు బరువు తగ్గించే మందుగా డాక్టర్లే రాసేవాళ్ళు. రక్తపోటు, గుండె వేగం పెంచుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువవుతున్నాయని పెద్ద పరీక్షలో తేలాక 2010లో ఐరోపా, అమెరికా మార్కెట్ల నుంచి పోయింది, 2011లో మన ప్రభుత్వమూ నిషేధించింది. అయినా "సహజ మూలికల" డబ్బాల్లో, లేబుల్ మీద మాట లేకుండా, దాన్ని కలిపి అమ్మడం ప్రపంచమంతటా పదేపదే పట్టుబడుతూనే ఉంది. మీ మామ డబ్బాలో అది ఉందని నేననడం లేదు. చూడకుండా ఎవరూ అనలేరు. చూడాల్సిన అవసరం మాత్రం కచ్చితంగా ఉంది.

కాబట్టి ఈరోజే పొడి ఆపించు. రేపు పరగడుపున షుగర్, దాంతోపాటు బీపీ, నాడి చూపించు. డాక్టరు దగ్గరికి డబ్బా కూడా పట్టుకుపో, "టానిక్కు తాగుతోంది" అని చెప్పి ఊరుకోవద్దు. మాత్రలు మళ్ళీ ఎంత మోతాదులో మొదలుపెట్టాలో ఆయన్నే అడుగు. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, చెమటలు పట్టడం ఏది కనిపించినా రేపటిదాకా ఆగొద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి పో. ఇంట్లో మూత తీయని డబ్బా ఇంకోటుంటే బిల్లుతో సహా బీరువాలో పెట్టు. బ్యాచ్ నంబరు ఫోటో తీసిపెట్టుకో. పారేయొద్దు. కోపం వచ్చి మురిక్కాలవలో కుమ్మరిస్తే రేపు చూపించడానికి ఏమీ మిగలదు.

ఇంక నీ ఎలుకల దగ్గరికొస్తాను.

నేను కర్నూలులో ముప్పై ఏళ్ళు ఇదే సబ్జెక్టు చెప్పినదాన్ని. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు జరిగిన సంగతి ఒకటి చెప్తాను. ఫాస్ఫరస్ కొలిచే ప్రాక్టికల్. మన భీమవరం బిడ్డ, శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి. ఫాస్ఫరస్ ఎంత ఉంటే అంత నీలం. ఆరోజు బ్లాంక్ కూడా నీలంగా వచ్చింది. నీళ్ళు, రసాయనాలు తప్ప అందులో ఏమీ లేదు, అయినా ఆకాశంలా నీలం. ముప్పై మంది పిల్లలు నా ముఖం చూస్తున్నారు. ముందు డిస్టిల్డ్ వాటర్‌ను అనుమానించాను, తర్వాత మాలిబ్డేట్ సీసాను, చివరికి నన్ను నేనే. సాయంత్రానికి తేలిందేమంటే, కొత్తగా వచ్చిన అటెండర్ టెస్ట్‌ట్యూబులు మెరవాలని బట్టల సబ్బుపొడి వేసి తోమాడు. సబ్బుపొడిలో ఫాస్ఫేటు. పాపం, అంత శుభ్రంగా ఆ ట్యూబులు ఎప్పుడూ లేవు.

ఆరోజు ఫాస్ఫరస్ లెక్క మొత్తం పోయింది. అదే ట్యూబుల్లో పొద్దున చేసిన చక్కెర లెక్క మాత్రం పోలేదు, ఎందుకంటే సబ్బులో చక్కెర లేదు. మురికి ఏది పడిందో, ఆ లెక్కే చెడుతుంది. నీ బోనులకూ అంతే. జీఐ మెష్ అంటే ఇనుము మీద జింక్ పూత. ఎలుక రోజంతా దాన్ని నాకుతుంది, కొరుకుతుంది. జింక్ ఇవ్వని ఎలుక కూడా జింక్ తింది. కాబట్టి నీ జింక్ గుంపు ఇంక ఏ సంగతీ చెప్పలేదు. ఇది నష్టమే, నిన్ను ఊరడించడానికి కాదనను.

క్రోమియం సంగతి వేరు. స్టీలులోనూ క్రోమియం ఉంటుంది, నూటికి 18 పాళ్ళు మనం వాడే మామూలు స్టెయిన్‌లెస్ స్టీలులో. నీ ప్రశ్న "క్రోమియం అసలు లేకపోతే ఏమవుతుంది" అన్నది అయ్యుంటే, స్టీలు నీళ్ళగొట్టాలు, స్టీలు కత్తెరలు అన్నీ నీకు శత్రువులయ్యేవి. నీ ప్రశ్న అది కాదు. "మామూలుగా దొరికేదానికి మించి చాలా ఎక్కువ ఇస్తే బరువు తగ్గుతుందా" అన్నది. గొట్టం నుంచి గీరుకుని వచ్చే పిసరు రెండు గుంపులకూ సమానమే, నువ్వు ఇచ్చిన మోతాదు ముందు అది లెక్కలోకే రాదు. నీ క్రోమియం ఫలితం నిలబడుతుంది. ఒక్క మెలిక ఉంది. ఆరు ఎలుకలతో పెద్ద తేడా అయితేనే కనిపిస్తుంది, చిన్న తేడా దాక్కుంటుంది. అందుకని "క్రోమియం పనిచేయదు" అని రాయకు. "ఈ మోతాదులో, పదహారు వారాల్లో, చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు" అని రాయి. ఈ రెండు వాక్యాల మధ్య తేడాను వైవాలో, అదే థీసిస్ మీద నోటి పరీక్షలో, అడుగుతారు.

పైగా నువ్వు ఒంటరిదానివి కాదు. మనుషుల మీద చేసిన పరీక్షలన్నీ కలిపి 2013లో కాక్రేన్ వాళ్ళు (వైద్య పరీక్షల ఫలితాలను కూడగట్టి తూచి చూసే సంస్థ) ఒక సమీక్ష వేశారు. తొమ్మిది పరీక్షలు, 622 మంది లావున్నవాళ్ళు. క్రోమియం పికోలినేట్ మింగినవాళ్ళు మూడు నాలుగు నెలల్లో, ఉత్త మాత్ర మింగినవాళ్ళ కన్నా ఒక కిలో చిల్లర ఎక్కువ తగ్గారు. ఆ కిలోను కూడా గట్టిగా నమ్మి సలహా చెప్పేంత నాణ్యమైన ఆధారం లేదని వాళ్ళే తేల్చారు.

ఈ క్రోమియం కథ నీ థీసిస్ మొదటి అధ్యాయంలో ఎలాగూ రాసుంటావు గానీ, మీ మామకు చెప్పేటప్పుడు పనికొస్తుందని మళ్ళీ చెప్తున్నా. అమెరికాలో క్లాస్ ష్వార్జ్ అనే ఆయన, వాల్టర్ మెర్ట్జ్‌తో కలిసి 1957లో ఎలుకల రక్తంలో చక్కెరను అదుపులో పెట్టే పదార్థమేదో ఉందన్నారు, 1959లో అందులోని కీలకం క్రోమియమని తేల్చారు. అదే ష్వార్జ్ అదే 1957లో సెలీనియం కూడా ప్రాణికి అవసరమని చెప్పాడు. ఒకే మనిషి, ఒకే ఏడు, రెండు మూలకాలు. సెలీనియానికి 1973లో ఎంజైము దొరికింది, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్. చూస్తే ఆ ఎంజైము నడిమధ్యన సెలీనియం కూర్చునుంది. జింక్‌కైతే అంతకుముందెప్పుడో కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ దొరికింది, ఆ తర్వాత వందల్లో దొరుకుతూనే ఉన్నాయి. క్రోమియానికి ఈరోజు వరకు ఒక్క ఎంజైమూ లేదు. రక్తంలో ఉందనుకున్న క్రోమియం కూడా పరికరాలు మెరుగుపడి, సూదుల నుంచి, గిన్నెల నుంచి వచ్చే మురికి తగ్గేకొద్దీ వందల రెట్లు తగ్గుతూ వచ్చింది. చూశావా, మహామహుల ల్యాబుల్లో కూడా నీ జీఐ మెష్ కథే. చివరికి 2014లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ, క్రోమియం మనిషికి అవసరమనడానికే తగిన ఆధారం లేదనేసింది. శరీరానికి కావాలో అక్కర్లేదో తేలని దాన్ని మీ మామ డబ్బాకెత్తి "నిరూపితం" అంటున్నాడు.

మరి ఆ మూడు, ఐదు నంబర్ల మాట.

నీ ఎలుకల రిజిస్టరు తీసి చూడు. ఆ రెంటికీ ఏదన్నా జబ్బు చేసిందని, పన్ను వంకరగా పెరిగిందని, మందు సరిగా ఎక్కించలేదని, తేదీతో సహా, లెక్క వేయకముందే రాసి ఉందా? ఉంటే తీసేయడం న్యాయమే, కారణం రాసి తీసెయ్. ఏమీ లేదు, వాటి తప్పల్లా లావుగా ఉండటమే అయితే మాత్రం, ఇంట్లో ఇద్దరు లావుపాటి వాళ్ళను మిద్దె మీదికి పంపి మాది సన్నటి వంశమని పెండ్లివాళ్ళకు చెప్పినట్టే.

గైడుకు ఎదురు చెప్పడం నీకెంత కష్టమో నాకు తెలుసు. సంతకం ఆయనది. నీ ముందు ఏమేం ఉన్నాయో చూడు. ఆయన చెప్పినట్టు చేసేయొచ్చు. బహుశా థీసిస్ త్వరగా అవుతుంది, పేపరూ రావచ్చు. కాకపోతే జంతు నైతిక కమిటీ రికార్డులో ఆరు ఎలుకలు, నీ పట్టికలో నాలుగు. వైవాలో ఎవరైనా "మిగతా రెండూ ఏవమ్మా" అంటే జవాబు చెప్పాల్సింది నువ్వు, ఆయన కాదు. ఇంకో సంగతి నీకు తట్టిందో లేదో. ఆ రెండు ఎలుకలు పోయిన రోజున మీ మామ కరపత్రం నిజమైపోతుంది. రేపు నువ్వు "మామా, నా పేరు తీసెయ్" అంటే, ఆయన నీ పేపరే నీ ముందు పెడతాడు.

లేదంటే రెండు లెక్కలూ పక్కపక్కన చూపించొచ్చు. ఆరింటితో ఇంత, రెండు తీసేస్తే ఇంత, ముందుగా పెట్టుకున్న నియమమేదీ లేదు కాబట్టి ఆరింటి లెక్కనే తీసుకున్నాం, అని. గైడు మాట పూర్తిగా తోసేసినట్టుండదు, దాచినట్టూ ఉండదు. నేనైతే ముందు ఈ కాగితంతోనే ఆయన గదికి పోతాను. "సార్, వైవాలో అడిగితే ఇట్లా చెప్దామా" అని సలహా అడిగినట్టు అడుగు. చాలామంది గైడులు చెడ్డవాళ్ళు కారు, "తేడా లేదు" అన్న థీసిస్‌ను పరీక్షకులు ఒప్పుకోరన్న భయం వాళ్ళది. ఒప్పుకుంటారు. పని పద్ధతిగా చేసి, ఎంజైముల లెక్కలు శుభ్రంగా ఉంటే తేడా లేకపోవడం కూడా డాక్టరేటే. ఆయన ససేమిరా అంటే డాక్టరల్ కమిటీ ఉంది. కానీ ఆ గడప తొక్కాక మీ ఇద్దరి మధ్య మాట మునుపటిలా ఉండదు. అది తెలిసే తొక్కు.

జింక్ భాగాన్ని తీసేసి క్రోమియం ఒక్కదానితో సమర్పించొచ్చు, థీసిస్ పలచబడుతుంది. లేదా ప్లాస్టిక్ బోనుల్లో, స్టీలు మూతలతో మళ్ళీ చేయొచ్చు. కమిటీ అనుమతి, కొత్త ఎలుకలు, ఇంకో ఆరేడు నెలలు, ఫెలోషిప్ లేకుండా. యూజీసీ 2022 నిబంధనల్లో ఆరేళ్ళ గడువు మీద ఆడపిల్లలకు రెండేళ్ళ సడలింపు ఉంది కాబట్టి గడువు భయం లేదు, ఖర్చు భయమే. మూడోదీ ఉంది. జీఐ మెష్ వల్ల జింక్ ఎంత పెరిగిందో నీ చేతిలో కొలతలున్నాయి కదా, దాన్నే ఒక చిన్న అధ్యాయంగా రాయి. మన జిల్లాల్లో ఎన్ని ఎలుకల గదుల్లో ఆ పాత మూతలున్నాయో నేను చూశాను. నీ జింక్ పట్టిక కన్నా అదే ఎక్కువమందికి పనికొస్తుందని నాకనిపిస్తుంది.

మామ సంగతి. ఇక్కడే నువ్వు ఎక్కువ కుములుతున్నావు, నేనూ తేలిగ్గా చెప్పలేను. ఆయన నీకు చేసింది చిన్నది కాదు. ఫ్యాక్టరీ నడుస్తున్నప్పుడు కాదు, మూతపడే రోజుల్లో కూడా ఎమ్మెస్సీ రెండో ఏడు ఫీజు కట్టాడని నువ్వే రాశావు. అట్లాంటి మనిషి ఒక్కసారిగా మోసగాడైపోడు. పైనుండేవాళ్ళు చెప్పింది నమ్మి, ఉన్న నాలుగు రాళ్ళు స్టాకులో పెట్టి ఉంటాడు. ఆయనే ముందు మోసపోయిన మనిషి కావొచ్చు.

అందుకే మొదట కరపత్రం గురించి కాకుండా మీ అమ్మ గురించి మాట్లాడు. "మామా, అమ్మకు దడగా ఉంది. డబ్బాలో ఏముందో పరీక్ష చేయిద్దాం" అను. అక్క మీద ప్రేమ ఉన్న మనిషి దానికి కాదనడు. ఆహార భద్రతా చట్టంలో 40వ సెక్షను కింద కొన్న మనిషి ఎవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. నీ ల్యాబులో నువ్వే నడిపి చూడాలని చేతులు పీకుతుంటాయి, నాకు తెలుసు. తెలుసుకోవడానికైతే సరే, ఆ కాగితం మాత్రం ఎక్కడా చెల్లదు.

పరీక్షలో ఏమీ లేదని వస్తే మంచిదే. అప్పుడు మిగిలేది నీ పేరు ఒక్కటే. అది తీయించడానికి ఆయనకు చట్టం చెప్పు, నీకోసం కాదు, ఆయన కోసమే. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో మధుమేహం, ఊబకాయం రెండూ ఉన్నాయి. వాటిని నయం చేస్తుందంటూ మందుకు ప్రకటన వేయడమే నేరం, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. ఇది మందు కాదు, ఆహారం అంటాడా, అప్పుడు ఆహార భద్రతా చట్టం తగులుకుంటుంది, తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ప్రకటనలో మెచ్చుకున్న మనిషి మీద కూడా జరిమానా పడొచ్చు. ఫోటోలో ఉన్నది నువ్వు. "అడగకుండా వేశారు" అని రేపు నువ్వు చెప్పుకోవాలంటే, ఈరోజు నువ్వు అభ్యంతరం చెప్పినట్టు ఒక రుజువుండాలి. ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు, మర్యాదగానే: "మామా, ఆ కరపత్రంలో నా పేరు, ఫోటో నా అనుమతి లేకుండా వచ్చాయి, పంచడం ఆపండి." ఇది పంపితే ఆయన నొచ్చుకుంటాడు. అమ్మ రెండు రోజులు మాట్లాడదు. పంపకపోతే, కళ్యాణదుర్గంలోనో గుత్తిలోనో ఎవరో నీ ముఖం చూసి షుగర్ మాత్ర మానేస్తారు. మీ అమ్మ మానేసింది కదా, అట్లాగే.

పరీక్షలో మందు కలిసిందని తేలితే మాత్రం, ఇంక ఇంటి వ్యవహారంగా ఉంచే వీలు లేదు. ఆహార భద్రతా అధికారికి తెలియాలి. మామే స్వయంగా పోయి స్టాకు అప్పగించి, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తే ఆయన మీద పడే బరువు తగ్గే అవకాశముంది. ముందు ఒక వకీలును కలవమను. ఆయన పోనంటే నువ్వు పోవాలి. అప్పుడు తాడిపత్రి ఇంటి గడప నీకు కొన్నేళ్ళు మూసుకోవచ్చు. ఆ నష్టం చిన్నదని నేను చెప్పను.

ఆయన పెట్టిన డబ్బు వేరే లెక్క. కూర్చుని రాయి, ఏ ఏడు ఎంత. ఉద్యోగం వచ్చాక నెలకింతని పంపుతానని అమ్మ ముందే చెప్పు. ఆయన తీసుకోనంటాడు, అయినా చెప్పు. "మామ లేకుంటే" అన్న ఆ రుణం తీర్చడానికి అమ్మ దగ్గర ఇప్పటిదాకా నీ పేరు తప్ప వేరే ఏమీ లేదు.

నీ 79 కిలోల గురించి ఎక్కువ రాయను, నువ్వు అడగలేదు కాబట్టి. అడగకుండానే మూడుసార్లు ప్రస్తావించావు కాబట్టి కొంచెం రాస్తాను. మూడో నంబరు, ఐదో నంబరు ఎలుకలు మిగతా నాలుగింటితో ఒకే గదిలో పెరిగాయి, ఒకే మేత తిన్నాయి. మేత తూచి పెట్టింది నువ్వే. అయినా అవి లావయ్యాయి, ఆ నాలుగూ కాలేదు. వాటిని తిండిపోతులని నీ నోట్‌బుక్కులో ఎక్కడైనా రాశావా? హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో అయితే ఏకంగా పుట్టుకతోనే లావయ్యే ఎలుకల వంశమే ఉంది. కొవ్వు కణం నుంచి మెదడుకు "చాలు" అని కబురు మోసే లెప్టిన్ 1994లో దొరికాక కూడా, పెండ్లిచూపులకు వచ్చినవాళ్ళకు ఆ కబురు అందలేదంటే అది నీ తప్పు కాదు. గుండె డాక్టర్లందరూ గుండెజబ్బు లేనివాళ్ళేనా? నేనూ రిటైరయ్యేనాటికి 84 కిలోలు, ఎంజైములు చెప్పేటప్పుడు ఒక్క పిల్లా నవ్వలేదు. నవ్వితే ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉండేవి, అది వేరే సంగతి.

తగ్గాలని నీకే అనిపిస్తే ముందు ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకో, ల్యాబులో రాత్రి పన్నెండింటి దాకా ఉండి, హాస్టల్లో మిగిలిన చల్లటి అన్నం తినే అలవాటు ముందు మార్చు. ఉగ్గాని బజ్జి ఆదివారానికి ఉంచు. డబ్బా మాత్రం వద్దు, ఫోటో కోసమైతే అసలొద్దు. ఆ పొడిలో చెంచాకు 50 మిల్లీగ్రాముల జింక్ ఉందని రాశావు. ఆడవాళ్ళకు రోజుకు కావాల్సింది 13 చిల్లర, 40 దాటొద్దంటారు. నెలల తరబడి ఎక్కువ తింటే జింక్ రాగిని పేగు దగ్గరే ఆపేస్తుంది, రక్తం తగ్గుతుంది. మీ అమ్మకు రక్తపరీక్ష చేయించేటప్పుడు హిమోగ్లోబిన్ కూడా చూపించు.

పరగడుపు షుగర్ ఎంతొచ్చిందో, నాడి ఎంతుందో నాకు రాయి. గైడుతో, మామతో మాటలు ఆ తర్వాత వారం పెట్టుకున్నా ఏమీ కాదు.